ఒక్కటే చేరింది

ఊరబండి జగన్నాథపురం వంతెన మీద ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎందుకాగిందని ఎవరూ అడగలేదు. 'ఆగు' సైగ వచ్చింది కాబట్టి ఆగింది, 'సాగు' సైగ వచ్చాక సాగుతుంది. అంతకుమించి తెలుసుకోవలసిన అవసరం కాకినాడలో ఎవరికీ లేకుండా పోయి చాలా ఏళ్ళయింది. బండిలో ఉన్నవాళ్ళంతా మణికట్టు పట్టీలకేసి చూసుకుంటూ కూర్చున్నారు. వీరవేణి మాత్రం కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

"ముందు పిట్ట కూడా లేదు. ఏం చూసుకుని ఆగిందే ఇది?" అంది.

పక్కన కూర్చున్న ఇందుజ విననట్టే ఊరుకుంది. ఆమె వీరవేణికి కోడలు. మామూలు రోజుల్లో అయితే "మీ ఆటో అయితే ఈపాటికి భానుగుడి సెంటర్ దాటేసేదిలెండి అత్తయ్యా" అని ఏడిపించేది. ఈ నెల్లాళ్ళుగా ఆ ఇంట్లో ఏడిపించుకోవడాలు లేవు. తిన్నావా అంటే తిన్నాను, తలుపేశావా అంటే వేశాను, అంతే.

వీరవేణి ఈ ఊళ్ళో ఆటో నడిపిన మనిషి. ఆటోలన్నవి లేకుండా పోయేదాకా నడిపింది. భర్త పోయాక ఆ ఆటో మీదే కొడుకుని పెంచింది, చదివించింది, పెళ్ళి చేసింది. గొంతెత్తితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. తప్పుడు మాట ఒకటి తను అనదు, ఎదుటివాళ్ళు అంటే ఊరుకోదు. అలాంటి మనిషిని ఈ రోజు మతి సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి తీసుకెళ్తున్నారు. తీసుకెళ్తున్నది కోడలే. ఒళ్ళు మండదా మరి?

ఆటోల్ని తీసేసింది పురచాలకం. ఊరంతటినీ ఒకే యంత్రంగా నడిపే ఏర్పాటు అది. దాని లెక్కలో బండి ఒక క్రియ, రేవులోని క్రేను ఒక క్రియ, ఆ క్రేనుని నడిపే మనిషి కూడా ఒక క్రియే. క్రియలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, సైగ చేసుకుంటాయి. సైగలో మాట ఉండదు. ఎవరు పంపారు, ఏ రకం సైగ, ఆ రెండే ఉంటాయి. 'రా', 'ఆగు', 'సాగు', 'సరే', 'చేరాను', ఇలా వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని రకాలు. ప్రతి మనిషి మణికట్టుకీ ఒక సైగపట్టీ, దానికి ఒక పూస. ఆ పూస నొక్కితే అవతలి మనిషి పట్టీ ఒకసారి అదురుతుంది. మాటలుంటే మనసు చెదురుతుందని, మనసు చెదిరితే పని చెడుతుందని చెప్పి పనివేళల్లో ఫోన్లు మూయించేశారు. మొదట్లో జనం గోల పెట్టారు. తర్వాత అలవాటు పడిపోయారు. అలవాటు పడడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు.

బాగా జాగ్రత్త కావలసిన పనుల్లో ఉన్నవాళ్ళని పురచాలకం 'మరుగు'లో పెడుతుంది. మరుగులో ఉన్నంతసేపూ మనిషికి ఏ సైగా చేరదు. వచ్చిన సైగ గుమ్మం బయట నిలబడి, మరుగు తొలగగానే లోపలికొస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. ఇందుజ మొన్న వేసవిలోనే రేవులో పెద్ద క్రేను మీదికి మారింది. అప్పటినుంచీ పనిలో ఉన్నంతసేపూ ఆమె మరుగులోనే ఉంటోంది. కొడుకు చరణ్ నడిసముద్రంలో గనుల ఓడ మీద ఉద్యోగం చేస్తాడు. ఊరి సైగలు అక్కడిదాకా వెళ్ళవు. కాబట్టి పగలంతా ఇంట్లో వీరవేణి, ఐదేళ్ళ మనవరాలు జాబిలి, వాళ్ళిద్దరే.

బండి కదిలింది. ఎందుకు కదిలిందో కూడా ఎవరూ అడగలేదు.

*

ఆ ఇంట్లో సైగలకి ఒక పద్ధతుంది. అది పురచాలకం పెట్టింది కాదు, వీరవేణి పెట్టింది. ఆటో నడిపే రోజుల్లో ఆవిడకి మిస్డ్ కాల్ గిరాకీలు ఉండేవి. ఒక్క మిస్డ్ కాల్ ఇస్తే, తీరుబడిగా రా. రెండిస్తే, తయారైపోయాం, బయల్దేరు. ఆపకుండా ఇస్తూనే ఉంటే, కొంప మునిగింది, ఉన్నపళాన రా. పురిటి నొప్పుల్ని, గుండె నొప్పుల్ని, రైలు తప్పిపోతున్న పెళ్ళివారిని ఆ లెక్క మీదే మోసింది. ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు. ఫోన్లు పోయి పట్టీలొచ్చినా ఇంట్లో అదే పద్ధతి సాగింది. కోడలు కాపరానికొచ్చిన కొత్తల్లోనే నేర్పింది. "ఒకటి కొడితే కంగారు పడకమ్మాయ్. వరసపెట్టి కొట్టాననుకో, చేతిలో ఏదుంటే అది అక్కడే పారేసి వచ్చెయ్." ఇందుజ అప్పుడు నవ్వింది. తర్వాత తనూ అలాగే కొట్టేది. ఇన్నేళ్ళలో తేడా రాలేదు. ఎందుకు రాలేదంటే, ఇన్నేళ్ళూ ఇందుజ మరుగు లేని ఉద్యోగం చేసింది. ఆ ముక్క ఎవరికీ తట్టలేదు.

ఆ రోజు పొద్దున్నుంచీ జాబిలికి ఒళ్ళు వెచ్చగా ఉంది. మధ్యాహ్నం గంజి తాగుతూ తాగుతూ కళ్ళు తేలేసింది. ఒళ్ళంతా కొయ్యబారిపోయింది. వీరవేణి పిల్లని ఒళ్ళో వేసుకుని, పట్టీ పూస నొక్కింది. 'రా'. మళ్ళీ నొక్కింది. నొక్కుతూనే ఉంది.

'ఆపద' అనే సైగ ఒకటి ఉంది. అది కొడితే ఆస్పత్రి బండే ఇంటికొస్తుంది. కాని ముసలివాళ్ళు అయినదానికీ కానిదానికీ అది కొట్టేస్తున్నారని, అరవై దాటినవాళ్ళ పట్టీల్లోంచి దాన్ని తీసేశారు. ఊరబండి పిలిస్తే వచ్చింది. తలుపు తెరుచుకుంది. జబ్బు పిల్లని తల్లో తండ్రో వెంట ఉంటే తప్ప తీసుకెళ్ళనని చెప్పి అక్కడే నిలబడింది. పక్కింటివాళ్ళు పనుల్లో ఉన్నారు, ఎదురింటివాళ్ళు పనుల్లో ఉన్నారు. ఇందుజ పని దిగే వేళ దగ్గరపడింది. రేవు నుంచి ఇల్లు ఎంత దూరం? మరుగు తొలగగానే వరసపెట్టి అదురుతుంది, పరుగెత్తుకొస్తుంది, ఈ బండిలోనే వెళ్ళిపోవచ్చు. అలా అనుకుని వీరవేణి గుమ్మంలో కూర్చుని కొడుతూనే ఉంది. బొటనవేలు తిమ్మిరెక్కితే చూపుడువేలితో కొట్టింది.

అక్కడ రేవులో ఇందుజ పని దిగింది. మరుగు తొలగింది. పట్టీ ఒకసారి అదిరింది. అత్తయ్య, 'రా'. ఇందుజ రెండోదాని కోసం ఒక్క క్షణం చూసింది. రాలేదు. ఒకటేగా, అనుకుంది. కూర ఏదైనా తెమ్మంటున్నట్టుంది అనుకుని ఏటిమొగ చేపల బజారు వైపు తిరిగింది. చందువాలు తాజాగా ఉన్నాయి. బేరమాడింది. శుభ్రం చేయించింది.

వీరవేణి ఇంక ఆగలేక మనవరాల్ని భుజాన వేసుకుని నడిచింది. జీవితమంతా ఊరినే మోసిన మనిషి, తన ఇంటి పిల్లని మోసే బండి లేక ఎర్రటెండలో ఆస్పత్రికి నడిచింది! ఖాళీ ఊరబండి కొంతదూరం వెనకాలే వచ్చి, ఏదో సైగ అందితే పక్కకి తిరిగి పోయిందట. ఇది విని కడుపు మండని మనిషి ఎవరైనా ఉంటే వాళ్ళతో మాట్లాడడం అనవసరం.

మెదడువాపు జ్వరం అన్నారు. పిల్ల బతికింది. కుడికాలు పట్టు తప్పింది. "ఇంకొంచెం ముందొచ్చి ఉంటే బాగుండేది" అన్నాడు డాక్టరు.

ఆస్పత్రి నుంచి 'రా' సైగ అందితే ఇందుజ చేపల సంచీతోనే వచ్చింది. విషయం విని ముందు ఏడ్చింది, తర్వాత అత్త మీద విరుచుకుపడింది.

"ఒక్కసారే కొడతారా అత్తయ్యా? పిల్ల అలా ఐపోతుంటే ఒక్కసారి కొట్టి ఊరుకుంటారా?"

వీరవేణికి అర్థం కాలేదు. "ఒక్కసారేంటే? వేళ్ళు పడిపోయేదాకా కొట్టాను!"

"నాకు ఒకటే వచ్చింది."

"నేను కొడుతూనే ఉన్నానే తల్లీ, ఆపలేదు!"

ఇందుజ పట్టీ చూపించింది. ఒకటి. ఆస్పత్రివాళ్ళు పురచాలకం నమోదు తెరిచి చూశారు. అక్కడా ఒకటే. ఇద్దరు మనుషుల మధ్య మాట తేడా వస్తే యంత్రం చెప్పిందే నిజమైపోయే కాలం అది. డాక్టరు గొంతు తగ్గించి ఇందుజని పక్కకి పిలిచాడు. జరగనిది జరిగిందని ఇంత గట్టిగా చెప్పడం మంచి లక్షణం కాదన్నాడు. కంగారులో ఒకసారి కొట్టి, కొడుతూనే ఉన్నట్టు అనిపించి ఉంటుందన్నాడు. ఈ వయసులో మామూలే, పరీక్ష చేయించండి అన్నాడు. ఎంత తీయగా చెప్పాడో!

ఇందుజ సరేనంది. ఆమెకీ అది సుఖంగానే ఉంది మరి. అత్తకి మతి తప్పిందంటే, చేపల బజారులో గడిపిన ఆ కాసేపు తన మీద పడదు. ఇది ఆమె తనతో తాను కూడా అనుకోలేదు.

*

జ్ఞాపక పరిశీలన సంఘం వారి గది చల్లగా, తెల్లగా ఉంది. పరిశీలకుడి పేరు రఘుతేజ. చిన్నవాడే, మర్యాదస్తుడు. లేచి నిలబడి వీరవేణికి కుర్చీ చూపించాడు.

"అమ్మగారూ, భయపడకండి. ఇది శిక్ష కాదు."

"శిక్ష కాకపోతే ఏంటి బాబూ? ఓడిపోతే ఏం చేస్తారో అది చెప్పండి ముందు."

అతను కొంచెం ఇబ్బందిపడ్డాడు. "స్మృతి నిలకడగా లేదని తేలితే మీ పట్టీలో పూస తీసేస్తాం. సైగలు అందుకోగలరు, పంపలేరు. పాపతో మిమ్మల్ని ఒంటరిగా ఉంచడం కుదరదు. పాపని పగలు శిశుశాలలో ఉంచాలి. అంతే."

"అంతేనా?" అంది వీరవేణి. "నా మనవరాల్ని నాకు లేకుండా చేసి, నా నోరు నొక్కేసి, అంతే అంటున్నావా నాయనా?"

రఘుతేజ ఇందుజ వైపు చూశాడు. ఆమె తలదించుకుని వీరవేణికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. సాక్షులకి మధ్యలో సైగలు రాకూడదని నియమం. అతను తన బల్ల మీద ఏదో తాకి ఆమెని మరుగులో పెట్టాడు.

ప్రశ్నలు మొదలయ్యాయి. ఏ సంవత్సరం, ఏ నెల, మనవరాలి పేరేంటి, నిన్న ఏం వండారు. వీరవేణి అన్నింటికీ చెప్పింది. నిన్న ఏం వండిందో చెప్పి, అందులో ఉప్పు తక్కువైందని కూడా చెప్పింది. రఘుతేజ నవ్వాడు. తర్వాత అసలు విషయానికొచ్చాడు.

"ఆ రోజు ఎన్నిసార్లు కొట్టారు?"

"పిల్ల ఒళ్ళో కొయ్యబారిపోతుంటే లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారా ఎవరైనా? చాలాసార్లు."

"నమోదులో ఒకటే ఉందమ్మా."

"ఉంటే ఉండనీ. దానికి చేతులున్నాయా నొక్కడానికి? నొక్కింది నేను!"

అతను ఓపిగ్గా తలూపాడు. "సరే. చిన్న పరీక్ష చేద్దాం. ఇప్పుడు మీ కోడలుగారికి 'రా' కొట్టండి. మీకు తోచినన్నిసార్లు. అయ్యాక ఎన్నో చెప్పండి."

వీరవేణి పట్టీని ఒళ్ళో పెట్టుకుని పూస నొక్కింది. ఒక్కొక్కటీ విడివిడిగా, నెమ్మదిగా. గదిలో ఇంకేం చూడాలో తెలియక ఇందుజ ఆ వేలికేసే చూస్తూ కూర్చుంది. లావుపాటి బొటనవేలు, హ్యాండిలు పట్టి పట్టి కాయ కాచింది. పూస మీదికి దిగుతోంది, లేస్తోంది.

"ఏడు," అంది వీరవేణి.

రఘుతేజ తన ఎదుట తెర చూశాడు. అతని మొహంలో జాలి కనిపించింది. "ఏడు కొట్టినట్టు అనిపించిందా అమ్మా?"

"అనిపించడమేంటి?"

"ఒకటే ఉందిక్కడ."

ఎవరితోనైనా సరే గొంతెత్తి పోట్లాడే మనిషి తన చేతికేసి చూసుకుంది. ఈ నెల్లాళ్ళలో లోలోపల పెరుగుతున్న భయం ఒకటుంది, అది ఎవరికీ చెప్పలేదు. పొయ్యి కట్టేశానా అని మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూసుకుంటోంది. స్నానం చేసింది నిన్నా ఇవాళా అని ఆలోచిస్తోంది. ఆ రోజు నిజంగానే ఒకసారే కొట్టానేమో, పిల్ల కాలు నా వల్లే పోయిందేమో అని అనుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడిక అదీ తేలిపోయింది.

"అయితే నాకు మతి లేదన్నమాటే," అంది మెల్లగా.

"ఏడే," అంది ఇందుజ.

రఘుతేజ తలెత్తాడు.

"ఏడుసార్లు నొక్కారు. నేను చూశాను. నా కళ్ళెదురుగానే కదా నొక్కింది!"

"మీరు పొరబడి ఉంటారండీ, ఇక్కడ స్పష్టంగా..."

"మరుగు తీసెయ్యండి."

అతను తీశాడు. ఇందుజ పట్టీ అదిరింది. ఒకసారి. ఆమె ఎదురుచూసింది. రెండోది రాలేదు. ఇదే, సరిగ్గా ఇదే ఆ రోజు రేవు గేటు దగ్గర జరిగింది. ఆమె లేచి నిలబడింది.

"మళ్ళీ కొట్టండి అత్తయ్యా. ఇప్పుడు మరుగు లేదు, కొట్టండి."

వీరవేణి కొట్టింది. పట్టీ కొట్టిన ప్రతిసారీ అదిరింది. తెర మీద అంకె ఒకటొకటిగా పెరిగింది. రఘుతేజ ఈసారి తనే మరుగు పెట్టి, వీరవేణి చేత కొట్టించి, తీశాడు. ఒకటి. మళ్ళీ పెట్టి తీశాడు. ఒకటి.

అతను పురచాలకం సైగల్ని చూసుకునే సైగమండలికి, గదిలో అందరికీ వినపడేలా ఫోన్ కలిపాడు. అధికారులకి పనివేళల్లో కూడా ఫోనుంటుంది మరి, వాళ్ళ మనసులు చెదరవు కాబోలు! అవతలి గొంతు ఏమాత్రం తడుముకోకుండా చెప్పింది.

"అవునండీ, అది దోషం కాదు, నియమమే. మరుగులో ఉన్న క్రియకి ఒకే రకం సైగ ఎన్నిసార్లు వచ్చినా ఒకటిగానే నిలబడుతుంది. గుమ్మంలో ఆ సైగకి ఉన్నది ఒక్కటే చోటు. ఆ చోటు నిండి ఉందా, ఖాళీగా ఉందా, అంతవరకే చూస్తాం. పిలిచారా లేదా అన్నది ముఖ్యం. ఎన్నిసార్లు పిలిచారన్నది కాదు. ఆ లెక్కలన్నీ దాచుకుంటూ కూర్చుంటే ఊరు నడవదండీ."

"మరి నమోదు?" అన్నాడు రఘుతేజ.

"నమోదులో చేరినవి ఉంటాయి. పంపినవి ఎందుకుంటాయి?"

"ఆ సంగతి జనానికి ఎవరైనా చెప్పారా?"

"లెక్కపెట్టుకునేవాళ్ళుంటారని ఎవరనుకుంటారండీ?" అంది ఆ గొంతు. నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది.

వీరవేణి లేచి ఆ ఫోను దగ్గరికి వచ్చింది. "బాబూ, నీ పేరేంటో నాకు తెలీదు. ఈ ఊళ్ళో మిస్డ్ కాల్ లెక్క తెలియని ఇల్లుందా? అమ్మ ఒకటిస్తే అన్నానికి, రెండిస్తే చుట్టాలొచ్చారని, ఆపకుండా ఇస్తే ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని. మీ అమ్మ ఇవ్వలేదా నీకు? మీ ఇంట్లో అడిగినా చెప్పేవాళ్ళు కదా! పంపిన చేతిని వదిలేసి, చేరినదే నిజమని రాసుకున్నారు. పైగా నేను పిచ్చిదాన్ని!"

ఫిర్యాదు స్వీకరిస్తామని చెప్పి అవతల పెట్టేశారు.

రఘుతేజ చేతులు జోడించాడు. "క్షమించండి అమ్మగారూ. ఈ విచారణ కొట్టేస్తున్నాను. మీ జ్ఞాపకశక్తి చక్కగా ఉంది, ఆ మాట రాసిస్తాను."

"నాకెందుకది?" అంది వీరవేణి. "నా బుర్ర బాగుందని నువ్వు రాసిస్తే గాని నాకు తెలియదా? నెల్లాళ్ళ క్రితం వరకూ నాకు తెలుసు. మీరంతా కలిసి నాకే అనుమానం పుట్టించారు. అది తీసెయ్యడానికేమైనా ఉందా నీ దగ్గర?"

పాపం, వాడేం చేస్తాడు అనబోయి వీరవేణి ఆగిపోయింది. ప్రతివాడూ పాపమే, ఎవడి తప్పూ లేదు, పిల్ల కాలు మాత్రం పోయింది.

*

తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళు బండెక్కలేదు. వీరవేణి నడుస్తానంది, ఇందుజ వెంట నడిచింది. దారంతా ఇందుజ మాట్లాడుతూనే ఉంది. సైగమండలి మీద కేసు వేస్తానంది. రేవులో పనిచేసేవాళ్ళందర్నీ కూడగడతానంది. ఆ నియమం మార్చేదాకా క్రేనెక్కనంది. వీళ్ళ మొహాలు మండ, మనుషులనుకున్నారా మరమేకులనుకున్నారా అని నడిరోడ్డు మీద గట్టిగా అరిచింది. మనుషులు తిరిగి చూశారు. ఆ కోపంలో అబద్ధం లేదు. కాని వీరవేణి గొంతు కలపలేదు. మామూలుగా అయితే ఇలాంటి తగువులో ముందుండేది ఆవిడే.

వంతెన దాటాక ఇందుజ ఆగి అత్త చెయ్యి పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

"అత్తయ్యా, నన్ను రెండు దెబ్బలు వెయ్యండి. అలా ఊరుకోకండి. నాకు తెలియదు, ఆ దిక్కుమాలిన నియమం ఉందని నాకు నిజంగా తెలియదు."

"నియమం తెలియదులే," అంది వీరవేణి. "నాకూ తెలియదు. నేను తెలుసు కదే నీకు! మన జాబిలి కళ్ళు తేలేస్తే ఒక్కసారి కొట్టి ఊరుకునే మనిషినా నేను? ఆ యంత్రం ఒకటంది, నేను కాదన్నాను. ఎవరి మాట నమ్మాలో తేల్చుకోవడానికి నీకు ఎంతసేపు పట్టింది? ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆస్పత్రిలో అందరి ముందూ నా మొహాన పెట్టావు ఆ పట్టీని."

ఇందుజ చెయ్యి వదిలెయ్యలేదు.

"కోపం వాళ్ళ మీద పడనీ, పడాలి. నేనూ వస్తాను నీతో. నా గొంతు అరువిస్తాను. కాని ఇది వాళ్ళ లెక్కలో వెయ్యకు. ఇది మనది," అంది వీరవేణి. తర్వాత, "పద, పిల్లని తీసుకెళ్ళాలి, చూస్తూ ఉంటుంది," అంది.

ఆ పూటకని పొద్దున దింపి వచ్చిన శిశుశాల దగ్గర జాబిలి కుడికాలు ఈడ్చుకుంటూ గేటు దాకా వచ్చింది. వీరవేణి ఎత్తుకోబోతే తల్లి వైపు చూసింది. ఇందుజ తలూపాక చేతులు చాచింది. ఆ చూపు ఇద్దరూ గమనించారు, గమనించనట్టే ఇంటికొచ్చారు.

ఇంట్లో వీరవేణి పాలు కాచి, అటూ ఇటూ తిరగబోసి చల్లార్చి, బెల్లం కలిపింది. వేలు ముంచి చూసింది. గ్లాసు తెచ్చి మనవరాలి చేతికిచ్చింది. ఇందుజ ఎదురుగా కుర్చీలో కూర్చుని రేవులో తోటివాళ్ళకి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తోంది.

"తాగమ్మా. వేడి లేదు, నేను చూశాను," అంది వీరవేణి.

జాబిలి గ్లాసు పట్టుకుని ఆగింది. తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నానమ్మ వేడి లేదంటోంది. నిజమేనా?"

ఇందుజకి తల తీసేసినట్టయింది. తనే నేర్పింది. నానమ్మకి ఒంట్లో బాగాలేదు, ఒకటి చెప్పబోయి ఇంకొకటి చెబుతుంది, ఏం చెప్పినా నన్నొకసారి అడుగు అని ఈ నెల్లాళ్ళూ రోజూ తల దువ్వుతూ చెప్పింది. పిల్ల బుద్ధిగా నేర్చుకుంది.

"నిజమేరా తల్లీ," అంది ఇందుజ. "నానమ్మ ఏం చెప్పినా నిజమే. నన్నడగక్కర్లేదు. అమ్మే తప్పు చెప్పింది."

జాబిలి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. అమ్మ మొన్న ఒకలా చెప్పింది, ఇవాళ ఒకలా చెబుతోంది. ఏది నమ్మాలో ఆ పిల్లకి తెలియలేదు. చివరికి గ్లాసు బల్ల మీద పెట్టి, తనే వేలు ముంచి చూసుకుంది. అప్పుడు తాగింది.

వీరవేణి ఆ వేలికేసి చూస్తూ నిలబడింది. పిల్ల తాగాక గ్లాసు తీసుకుని, మూతి కొంగుతో తుడిచి, అప్పుడు కోడలి వైపు తిరిగింది.

"పాలైతే వేలు పెట్టి చూసుకుంది. రేపు నువ్వుండవు, రోడ్డు మీద బండొస్తోంది ఆగవే అంటాను. అప్పుడెవర్నడుగుతుందే ఇది?"